అక్క స్టూలు కింది పొడి

మధ్యాహ్నం రెండయ్యేసరికి చెల్లెలు చీపురు తీసేది. "కాస్త కాళ్ళు పైకి పెట్టుకోండమ్మా, అక్క ఎముకలు ఊడ్వాలి" అనేది. కొలతలివ్వడానికి షాపుకొచ్చినవాళ్ళు కబుర్లు ఆపకుండానే కాళ్ళు పైకి పెట్టుకునేవారు. కుట్టుమిషను ముందు అక్క కూర్చునే స్టూలు కింద సున్నంలా తెల్లటి పొడి రాలి ఉండేది. కీళ్ళవాతం వచ్చిన ఆరో ఏటినుంచీ అంతే. వేళ్ళు వంకర తిరిగినా, కాలరు కుట్టడంలో అక్కను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు.

డాక్టరు మాత్రం తెగేసి చెప్పాడు. "ఎముకలు గుల్లబారాయమ్మా. ఒక్కసారి జారిపడ్డారంటే తుంటి విరుగుతుంది. ఇక మిషను మాట మరిచిపోవాల్సిందే."

అక్కకు భయం పట్టుకుంది. భయం వెనకాలే అనుమానం. చెల్లెలు ఆ పొడిని బయట పారబొయ్యడం లేదు! చేటలో ఎత్తుకుని లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేస్తోంది. ఆ వెంటనే కాగితం మడిచే చప్పుడు.

'నా స్టూలు మీద కన్నేసింది. నేను మంచాన పడితే షాపు దానిదే కదా!' అనుకుంది. అనుమానం మొదలయ్యాక ఇంకేముంది, అన్నీ అలాగే కనిపిస్తాయి. చెల్లెలు టీ ఇస్తే వాసన చూసి తాగింది. చెయ్యి పట్టుకుని లేపబోతే విదిలించుకుని, "నాకేం రోగమే?" అని కసిరింది.

ఒకరోజు చెల్లెలు దారపుండలకని వెళ్ళగానే అక్క లోపలి గదిలో దూరింది. బీరువాలో అస్తరు గుడ్డల కింద రేకు పెట్టె, దాన్నిండా పొట్లాలు. ఒక్కోదాని మీద తేదీ, పక్కన ఒక్క మాట. చిటికెడు. చిటికెడు. గుప్పెడు. చిటికెడు. గుప్పెడు.

"అడిగితే నేనే చూపించేదాన్ని కదక్కా." గుమ్మంలో చెల్లెలు.

"ఎవరికి అమ్ముతున్నావే నా ఎముకలు?"

"డాక్టరుకు చూపిద్దామని దాచాను. కీళ్ళనొప్పికి ఆయన రోజుకొక్క మాత్రే రాశాడు. మరి బట్టలు ఇచ్చెయ్యాల్సిన రోజుకు ముందురోజే గుప్పెడేసి ఎందుకు రాలుతోంది? నాకు అంతుపట్టడం లేదు. నువ్వే చెప్పు."

ఆ గుప్పెళ్ళ సంగతి అక్కకే తెలుసు. నొప్పి చచ్చుపడితే గానీ పని తెమలదని, మందుల షాపువాణ్ణి బతిమాలి ఆ చిన్న స్టెరాయిడ్ మాత్రలే ఇంకొన్ని తెచ్చుకుంది. పని మీదపడినప్పుడల్లా మూడేసి మింగుతోంది. దొంగ కోసం ఇన్నాళ్ళూ చెల్లెలి చేతులే చూసింది. సిగ్గుతో ఏడుపు ముంచుకొచ్చింది. బొత్తాల డబ్బా తెచ్చి చెల్లెలి ఒళ్ళో బోర్లించింది. బొత్తాలతోపాటు మాత్రల అట్టలు జలజలా పడ్డాయి.

డాక్టరు పొట్లాలన్నీ వరసగా పేర్చుకుని చూశాడు. "ఎముకల్ని తినేసింది ఈ మాత్రలే. ఒక్కసారిగా మానకూడదు, మెల్లగా తగ్గిద్దాం" అని కీళ్ళకు వేరే మందు, ఎముకలకు ఇంకో మందు రాశాడు. నెలలు గడిచేకొద్దీ గుప్పెళ్ళు పోయి చిటికెళ్ళు మిగిలాయి. చివరికి చెల్లెలు చీపురు సంగతే మరిచిపోసాగింది.

అప్పుడే ఓ రోజు అక్క కింద పడున్న సిల్కు ముక్క మీద కాలేసింది. జర్రున జారి ధడేల్మని పడింది. షాపులో ఉన్నవాళ్ళంతా అలవాటుగా కాళ్ళు పైకి పెట్టేసుకున్నారు. చెల్లెలు పరిగెత్తుకొచ్చి, అక్కను అలాగే వదిలేసి, చుట్టూ నేలంతా అరచేత్తో తడమసాగింది.

"ముందు నన్ను లేపవే! నేలకేసి ఏంటే ఆ చూపు?"

చెల్లెలు అరచెయ్యి తిప్పి చూపించింది. రవ్వంత తెలుపు కూడా అంటలేదు.

"ఏం రాల్లేదక్కా" అంది, ఏడుస్తూ నవ్వుతూ.

అక్క ఆ చెయ్యే పట్టుకుని లేచింది.