ముందే తవ్విన గుంత

అఖిలకు ఏడో నెలలోనే కాన్పయింది. పుట్టిన పిల్ల కిలో రెండు వందల గ్రాములు. మిర్యాలగూడలోని ప్రైవేటు దవాఖాన వాళ్లు, ఇక్కడుంటే బతకదు, సూర్యాపేట సర్కారు దవాఖానకు తీసుకుపొండన్నారు. అఖిల మామ లచ్చయ్య ఆ మాటలో మొదటి సగమే విన్నాడు. తల్లీబిడ్డలు అంబులెన్సు ఎక్కితే, ఆయన తన ఊరు వేములపల్లి పోయి మెట్టచెలక గట్టున గుంత తవ్వించాడు.

అఖిల తల్లి అలివేలుకు ఆ సంగతి నాలుగో రోజు తెలిసింది. ఏడవలేదు. నర్సు చూపించినట్టు పిల్లను ఒంటికి ఒళ్లు తగిలేలా రొమ్ముకు కట్టుకొని కూర్చుంది. అఖిల కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి కాబట్టి పగలంతా అలివేలు వంతే. పిల్ల ఊపిరి మరిచిపోయినప్పుడల్లా అరికాలు రుద్ది, "లే బిడ్డా, మీ తాత గుంత తవ్వి ఎదురుసూస్తుండు" అని చెవిలో చెప్పేది. లచ్చయ్యను తలుచుకుంటే ఆమె ఒళ్లు వేడెక్కేది. ఆ వేడి పిల్లకు పనికొచ్చింది.

ముప్ఫై ఎనిమిది రోజులకు పిల్ల కిలో ఎనిమిది వందలైంది. లచ్చయ్య ఫోన్ చేసి ఇంటికి తెమ్మన్నాడు. ఆ గుంత పూడేదాకా పిల్ల తన రొమ్ము దిగదని అలివేలు చెప్పింది. అఖిలను వెంటబెట్టుకొని నేరుగా చెలకకే పోయింది.

పిల్ల వస్తోందని తెలిసి లచ్చయ్యా, ఆయన పాలివాళ్లయిన దాయాదులంతా గట్టు మీద ఉన్నారు. అది కొబ్బరిమొక్క కోసమనీ, కోదాడ నర్సరీలో చెప్పి ఉంచాననీ ఆయన బుకాయించాడు.

"మూరెడు గుంతల కొబ్బరెట్ల పెడతవన్నా? పసిపిల్లకైతే సరిగ్గా సరిపోతది" అంది అలివేలు.

ఎవరో నవ్వారు. లచ్చయ్య కూలిమనిషిని కేకేయబోతే ఆమె ఒప్పుకోలేదు. ఆయనే వంగాడు, పార పట్టాడు. తీసిన మట్టి వానలకు సగం కొట్టుకుపోయింది. చాలక, దూరం నుంచి తట్టతో మోసుకొచ్చాడు. అలివేలు ఒక్కో తట్టా కళ్లారా చూసింది.

ఆయన చేతులు దులుపుకొని, "ఇగ పిల్లనియ్యి సెల్లె" అన్నాడు. అఖిల కూడా చేతులు చాచింది.

అలివేలు చెయ్యి పిల్లను కట్టుకున్న గుడ్డ ముడి మీదికి పోయి ఆగింది. మూడేళ్ల కిందట అఖిలను ఈ ఊళ్లోనే అత్తింటికి అప్పగించి, తన ఊరు నడిగూడెం పోయే బస్సులో ఒక్కతే కూర్చొని పోయింది. రొమ్ము మీద పిల్ల గుండె టకటక కొట్టుకుంటోంది.

ఆమె నేలను చూసింది. మట్టి గట్టుతో సమంగా ఉంది.

"ఇంకా గుంతగనే ఉన్నదన్నా. ఇంకో రెండు తట్టలు పొయ్యి."