తెలిసిన గొంతు

జ్ఞానసుందరి కెనడాలోని హాలిఫాక్స్‌లో ఇంటి నుంచే ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేస్తుంది. ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో ఇంగ్లీషు చాలని తెలుగువాళ్లకి ఆమే ఆసరా. ఆ మధ్యాహ్నం ఒక క్లినిక్ నుంచి కౌన్సిలర్ లైన్లోకి వచ్చింది. పదహారేళ్ల అమ్మాయట. స్కూల్లో ఇంగ్లీషుతో నెట్టుకొస్తోంది గానీ మనసులో మాట తెలుగులో అయితేనే చెప్పగలనందట.

“చెప్పు తల్లీ,” అంది జ్ఞానసుందరి.

అవతలి నుంచి, “జ్ఞానం ఆంటీ?”

అబిగేల్! ప్రతి ఆదివారం తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో ముందు నిలబడి పాడే పిల్ల. తండ్రి పోయాక, కిందటేడు తల్లి కరుణతో కాకినాడ నుంచి వచ్చింది. కరుణ జ్ఞానసుందరిని నోరారా ‘అక్కా’ అని పిలుస్తుంది.

లైన్లో ఉన్నది తెలిసినవాళ్లయితే ఇంటర్‌ప్రెటర్ తప్పుకోవాలి. జ్ఞానసుందరి ఆ మాటే కౌన్సిలర్‌తో చెప్పింది. ఇంకో తెలుగు మనిషి ఇప్పట్లో దొరకడం కష్టమే, అయినా అమ్మాయి ఎలా అంటే అలా చేద్దామంది కౌన్సిలర్.

“ఫోన్ పెట్టెయ్యకండాంటీ. ఈ అపాయింట్‌మెంట్ కోసం చలికాలమంతా ఎదురుచూశాను. అమ్మకి మాత్రం చెప్పొద్దు.”

“ఎవరికీ చెప్పనమ్మా.”

అబిగేల్ మొదలుపెట్టింది. ఇంట్లో నాన్న పేరు ఎవరూ ఎత్తరు. తను ఏడిస్తే అమ్మ కూలబడిపోతుందని బాత్రూంలో షవర్ తిప్పుకుని ఏడుస్తుంది. తిండి సయించదు. తెల్లారుతోందంటే భయం.

“నేను లేకపోతే అమ్మకి ఈ బరువైనా తగ్గేదేమో అనిపిస్తుంది.”

ఇంటర్‌ప్రెటర్ ‘ఆ అమ్మాయి అంటోంది’ అనకూడదు. తనే ఆ అమ్మాయి అయినట్టు ‘నేను’ అనే చెప్పాలి. జ్ఞానసుందరి ఇంగ్లీషులో ‘నేను లేకపోతే’ వరకు అనగలిగింది. ఫోన్ దూరం జరిపి ముక్కు తుడుచుకుని, మిగతాది పూర్తి చేసింది.

“ఆంటీ, ఏడుస్తున్నారా?”

“లేదమ్మా.”

“సారీ ఆంటీ.”

అక్కణ్ణుంచి అబిగేల్ మాటలు కుదించేసింది. ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా అని కౌన్సిలర్ నిదానంగా, రెండు రకాలుగా అడిగితే లేదంది. నిద్ర పడుతోందా అంటే పడుతోందంది. వచ్చే వారం రమ్మంటే సరేనంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక కరుణ టీ తెచ్చిచ్చింది. “మా పిల్ల ఇక్కడ బాగా కుదురుకుందక్కా. ఒక్క పేచీ లేదు. దేవుడి దయ.”

వాళ్ల నాన్న గురించి దాన్ని ఒక్కసారి అడిగి చూడవే అన్న మాట జ్ఞానసుందరి నాలుక చివరిదాకా వచ్చింది. టీతో పాటు మింగేసింది.

తర్వాతి వారం క్లినిక్ నుంచి ఫోన్ రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

వసంతం వచ్చాక ఒకరోజు రేవు అవతలున్న డార్ట్‌మత్ వెళ్లే ఫెర్రీ పడవలో అబిగేల్ కనిపించింది. తనే వచ్చి పక్కన కూర్చుంది.

“మానలేదాంటీ, వెళ్తూనే ఉన్నా. ఇంగ్లీషులోనే మాట్లాడతానని చెప్పాను. మీ తప్పేం లేదు. మీరు అంత బాధపడుతుంటే నాకు చెప్పబుద్ధి కాలేదు.”

“మరి అన్నీ చెప్పగలుగుతున్నావా?”

“వచ్చినవి చెప్తున్నా. నాన్న గురించే… ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియట్లేదు.”

జ్ఞానసుందరి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. అబిగేల్ పట్టుకోనిచ్చింది. ఆంటీ కళ్లు చెమ్మగిల్లడం చూడగానే మెల్లిగా చెయ్యి తీసేసుకుని, నవ్వు తెచ్చుకుంది.

ఫెర్రీ ఒడ్డుకి ఆనింది.

“అమ్మని అడిగారని చెప్తానాంటీ,” అని బ్యాగు తగిలించుకుని దిగిపోయింది.

అందరూ దిగారు. ఫెర్రీ మనిషి వచ్చి పిలిచేదాకా జ్ఞానసుందరి లేవలేకపోయింది.