భూతద్దం గారి భార్య

టీవీలో డిటెక్టివ్ వేషం వేసి అందరినీ నవ్వించే నటుడు, తన భార్య మధ్యాహ్నాలు ఎక్కడికి వెళ్తోందో కనుక్కోమని ఒక అసలు లేడీ డిటెక్టివ్ దగ్గరికి వచ్చాడు. డిటెక్టివ్ ఆఫీసు కుట్టుమిషన్ల షాపు పైన ఒక్క గది. ఆయన మెట్లెక్కుతుంటే షాపులోవాళ్లు గుర్తుపట్టి "భూతద్దం గారూ" అని పిలిచారు. సీరియల్లో ఆయన పేరది. అలవాటు కొద్దీ చెయ్యి ఊపాడు గానీ, కుర్చీలో కూర్చున్నాక ఆ నవ్వు మిగల్లేదు.

షూటింగు లేక పెందలాడే ఇంటికి వస్తే భార్య ఉండడం లేదట. అడిగితే అక్కింటికి వెళ్లానంటుంది. ఆ అక్కేమో చెల్లెలు రానేలేదంటోంది. ఎవరో ఉన్నారని ఆయన అనుమానం. అదీ కోపంగా చెప్పలేదు, కరెంటు పోయిన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

డిటెక్టివ్ కూడా అలాగే విన్నది. భర్త పోయాక ఆవిడ మనసు దేనికీ కదలడం మానేసింది. ఈ పనికి అది కలిసొచ్చింది.

నటుడి భార్య బస్సెక్కి ఊరి చివర దిగేది. పాత అపార్ట్‌మెంట్లో రెండో అంతస్తుకు వెళ్లి, హ్యాండ్‌బ్యాగులోంచి తాళంచెవి తీసుకుని లోపలికి పోయేది. ఎవరూ వచ్చేవారు కాదు. అద్దె ఇల్లు కావాలన్నట్టు వాచ్‌మన్‌ని కదిపితే, ఆ గది ఆవిడ ఒక్కతే తీసుకుందన్నాడు.

ఒకరోజు డిటెక్టివ్ మెట్ల దగ్గర నిలబడి ఉండగా తలుపు తెరుచుకుంది.

"ఎంతసేపని నిలబడతారు? లోపలికి రండి," అంది భార్య.

గదిలో ఒక చాప, దిండు, నీళ్ల సీసా. అంతే. మా ఆయన పంపారా అని ఆవిడ అడిగితే, అబద్ధాలు చకచకా అల్లగలిగిన డిటెక్టివ్ ఊరికే తలూపింది. ఇక్కడేం చేస్తారని అడిగింది.

"ఏమీ చెయ్యను. పడుకుంటాను. ఇంట్లో కూడా ఆయన ఆ డిటెక్టివేనండీ. పెరుగుగిన్నె కనపడకపోతే అనుమానితులెవరని అడుగుతారు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని. మా అమ్మ పోయినప్పుడు ఆస్పత్రి వరండాలో ఎవరో ఫోటో అడిగితే, ఆ గొంతుతో ఓ డైలాగు కూడా చెప్పారు. ఆయన తప్పని కాదు. వాళ్లడిగారు, ఈయన చెప్పారు. అప్పట్నుంచి నాకు నవ్వూ రాదు, ఏడుపూ రాదు."

ఆయనకేం చెప్పమంటారంటే, చూసిందే చెప్పమంది.

మేకప్ గదిలో మీసం అంటించుకుంటున్న నటుడికి, డిటెక్టివ్ తను చూసినది చెప్పింది. ఆయన అద్దంలోంచే చూశాడు.

"ఎవరూ లేరా?"

"లేరండీ."

"ఇంకోసారి చూడండి. ఎవరో ఒకరు ఉండే ఉంటారు."

డిటెక్టివ్ తను లోపలికి వెళ్లి మాట్లాడిన సంగతీ, ఆస్పత్రి మాటా కూడా చెప్పింది. ఆయన చాలాసేపు మీసం సర్దుకుని, ఆ రోజు ఏ డైలాగు చెప్పానో గుర్తు లేదన్నాడు. ఈలోగా షాట్ రెడీ అని పిలుపొచ్చింది. లేచి వెళ్లాడు.

కొన్నాళ్లకు డిటెక్టివ్‌కి ఆయన భార్య దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆయన ఆ గదికి వచ్చారట. ఏమీ మాట్లాడకుండా చాప మీద ఓ పక్కకి ఒరిగారట.

"నయమే కదండీ," అంది డిటెక్టివ్.

"ఏమో. పడుకోగానే గురక పెట్టారు. నాకే నిద్ర పట్టలేదు."

 ఫోన్ ముందు ఎవరు పెట్టేశారో డిటెక్టివ్ గమనించలేదు.