కింటినో వీపు

శుక్రవారం పొద్దున ఆటుకి సముద్రం వెనక్కి పోయి, పశ్చిమాఫ్రికా తీరాన బిస్సావు శివారు రేవులో మోకాలి లోతు బురద మిగులుతుంది. బుబాక్ దీవికి వారానికొకటే పడవ, ఆ బురదకి అవతల నిలబడుతుంది. బురద కాళ్ళతో ఎవరెక్కినా పడవ నడిపే సరంగు బకార్ ఊరుకోడు. అందుకని ప్రయాణికులందరినీ కింటినో తన వీపున ఎక్కించుకుని చేరవేస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని.

మోస్తున్నంతసేపూ అతని నోరు ఊరుకోదు. ఆ రోజు వీపెక్కిన విదేశీ యువతికీ అన్నీ అప్పజెప్పాడు.

"పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవర్లో చుట్టావా తల్లీ? చుట్టు. అల ఎవర్నీ అడిగి రాదు. పడవ మధ్యలో కూచో, జీడిగింజల బస్తాలెక్కకు. పెద్ద నోట్లు తీసుకెళ్తే వాటి మొహం చూస్తూ కూచోవాలి, అక్కడ చిల్లరిచ్చేవాడు లేడు. దిగగానే ఊరిపెద్దకి ఒక సారా సీసా ఇచ్చి పలకరించు. ఆయన వద్దన్న అడవి వైపు కెమెరా ఎత్తకు. ఆదివారానికి తిరిగొస్తానని మాత్రం ఎవరికీ మాటివ్వకు."

"ఇంకేమైనా ఉందా?" ఆమె నవ్వింది.

"ఉంది. బరువుగానే ఉన్నావు. వెళ్ళిరా."

ఆమెకి అర్థం కాలేదు గానీ పడవలో వాళ్ళు తలలూపారు. అవతలి ఒడ్డు చేరే మనిషైతే కింటినో వీపుకి బరువు తెలుస్తుంది. చేరని మనిషి ఖాళీ బుట్టలా ఉంటాడు. "తేలిగ్గా ఉన్నావు" అని అతనంటే ఎవరైనా మారు మాట్లాడకుండా దిగి, సంచీ పట్టుకుని ఇంటికెళ్ళి, మరుసటి శుక్రవారం బరువెక్కి వస్తారు. వినకుండా వెళ్ళినవాళ్ళు ఇన్నేళ్ళలో ఇద్దరే. ఒకరి చెప్పులు దొరికాయి.

ఆఖరున కూతురు ఒదీలియా మిగిలింది. దీవిలో నర్సు ఉద్యోగం. సోమవారానికి చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"ఊళ్ళోవాళ్ళందరికీ జాగ్రత్తలు చెప్తావు, నాకేం లేవా నాన్నా?" అంటూ వీపెక్కింది.

కింటినో లేచాడు. నాలుగడుగులు వేశాడు. చేతులు వెనక్కి పెట్టి ఆమె కాళ్ళు తడిమి చూసుకున్నాడు. కాళ్ళున్నాయి, బరువు లేదు.

"తేలిగ్గా ఉన్నావమ్మా."

ఆమె బురదలోకి దూకేసింది.

"మళ్ళీనా! పోయినేడాదీ ఇదే మాటన్నావు. నేను ఇంటికెళ్ళి ఏడుస్తూ కూచుంటే ఆ పడవ మేకలతో సహా క్షేమంగా చేరింది. అబద్ధం చెప్పానని ఎవరిదో పెళ్ళిలో తాగి నువ్వే ఒప్పుకున్నావు!"

నిజమే. అతని భార్య చనిపోయిన ఏడాది అది. కూతురు కూడా వెళ్ళిపోతే ఇంట్లో ఒక్కడూ ఎలా ఉండాలో తెలియక ఆ ఒక్కసారే అబద్ధమాడాడు. ఇప్పుడు నిజం చెప్పడానికి అతని దగ్గర వేరే మాట లేదు.

"అమ్మ మీద ఒట్టు. ఇది నిజం."

"అప్పుడూ ఒట్టేశావు."

కింటినో పడవ వైపు తిరిగాడు. "బకార్, నువ్వైనా చెప్పు!"

సరంగు తల దించుకున్నాడు. "ఏం చెప్పమంటావన్నా? నీ మాటకి ఎదురు చెప్పినవాణ్ణి కాదు. కానీ పోయినేడు నువ్వు చేసింది..." అని ఆగిపోయాడు. పోటు మొదలై నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. "తేల్చుకోండి. పది నిమిషాల్లో బయల్దేరతా."

కింటినో పడవకేసి చూశాడు. ముప్పై ఏళ్ళలో అతను ఒక్కసారి కూడా పడవెక్కలేదు, ఈతా రాదు.

"సరే, నేనూ వస్తా. నీ పక్కనే కూచుంటా. ఏమైనా ఇద్దరికీ అవుతుంది."

"బురద కాళ్ళతోనా?" అన్నాడు బకార్, నవ్వు తెచ్చుకోబోయి. "నిన్నెవడు మోస్తాడన్నా?"

"నేను మోస్తా," అంది ఒదీలియా కోపంగా. "నా కాళ్ళు పడవ పక్కన కడుక్కుంటాలే. రా నాన్నా, ఎవరు తేలికో చూద్దాం." వంగి వీపు చూపించింది.

కింటినో మొహమాటపడుతూనే ఆమె మెడ చుట్టూ చేతులు వేశాడు. ఆమె లేచి నిలబడి అడుగు వేసింది.

"ఎక్కు మరి, ఆలస్యమవుతోంది," అంది వెనక్కి చూడకుండానే.

"ఎక్కానుగా."

ఒదీలియా ఆగిపోయింది. ఆయన చేతులు మెడ మీదే ఉన్నాయి. ఊపిరి చెవికి వెచ్చగా తగులుతోంది. వీపు మీద మాత్రం ఏమీ లేదు, ఆరేసిన చొక్కా అంత బరువైనా లేదు. అలా బరువు తెలిసే వీపు ఈ రేవులో ఇంకొకటి లేదనుకున్నారు అందరూ, ఆమె కూడా.

ఆమె ఎవరికీ చెప్పలేదు. పడవ వైపు వెళ్ళాల్సినది వెనక్కి తిరిగి, నీళ్ళని తోసుకుంటూ ఒడ్డు వైపు నడిచింది.

"ఏంటమ్మా, ఎటు? పడవ అటుంది కదా."

"మాట్లాడకు నాన్నా."

వెనకాల ఇంజను మొదలైంది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. పదడుగులకి ఆమె భుజాల మీద ఏదో ఆనినట్టైంది. ఇరవై అడుగులకి నడుం వంగింది. ఒడ్డు దగ్గరపడేసరికి మోకాళ్ళు ముడుచుకుపోతున్నాయి, మెడనరాలు తెగిపోతున్నాయి, ఆమెకి ఏడుపు ఆగడం లేదు.

"దింపవే, నడుం విరుగుతుంది! మోయలేవు, బరువు నేను!"

"తెలుస్తోంది నాన్నా," అంటూ ఆమె ఆయన కాళ్ళని ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఇంకాసేపు ఉండు."