నీరు కదలని మూల

భుజం దాకా చెయ్యి ఉప్పునీళ్ళలో ముంచి, చెంపను చేపల తొట్టి అంచుకి ఆనించి, ఆమె బండల వెనక తడుముకుంటోంది. నీళ్ళను కదిలించే పాత పంపు అక్కడుంది. నిన్నంతా గరగరమని మూలిగి ఆగిపోయింది. అది సగం అద్దానికి లోపల, సగం బయట. రెంటినీ అంటిపెట్టి ఉంచేది అయస్కాంతం. బయటి ముక్క పట్టుకోవాల్సిన మనిషి నిచ్చెన పక్కనే ఉన్నా, అడగడానికి ఆమెకు నోరు రాలేదు. ఒక్కతే లాగింది. ముక్క చేజారి, వేలితో సహా అద్దానికి అతుక్కుంది. గోరు కింద రక్తం నల్లగా కమిలింది.

"చెబితే పట్టుకునేదాన్నిగా," అంది వదిన.

"చెబితే గానీ చేతులు కదలవా?"

హోటల్ ముందు హాల్లో గోడ పొడుగునా ఉన్న ఆ తొట్టిలో పగడాలు పెంచడం ఆమె అన్నయ్య మొదలుపెట్టాడు. ఆయన పోయాక చెల్లెలూ భార్యా మిగిలారు. ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు. ఎవరి కూర వాళ్ళు వండుకుని, ఎవరి గిన్నె వాళ్ళు తోముకుని, పొద్దున్నే ఒకే పనికి వేర్వేరు బస్సుల్లో వస్తారు. హోటల్లో ఇద్దర్నీ 'చేపల మేడమ్' అనే అంటారు. పిలిస్తే ఇద్దరూ తల తిప్పరు, పిలిచింది రెండోదాన్నేమోనని.

ఆమెకు పెళ్ళి మాట ఎవరూ గట్టిగా ఎత్తకుండానే నలభై దాటిపోయాయి. అన్నయ్య వెనకాలే గొట్టాలు మోసింది, ఉప్పు కలిపింది, బండలు పేర్చింది. ఉప్పు తిని తిని చేతులు బీటలు వారాయి. 'పంపు కనబడితే అది తొట్టి, కనబడకపోతే సముద్రం' అనేవాడు అన్నయ్య. అందుకే చిన్న పంపులు రెండు ఏరి, రెంటినీ బండల వెనకే దాచాడు. ఆ అమరిక మీద చెయ్యి వేస్తే ఆయన మీద చెయ్యి వేసినట్టే ఆమెకు.

నెరిసిన జడ వెనక్కి తోసి, వదిన సంచిలోంచి అట్టపెట్టె తీసింది. అందులో రెండు కొత్త పంపులు, ఒక్కొక్కటి పిడికిలికి రెండింతలు.

"ఈ బండవాటిని ఎవరు తెమ్మన్నారు? పగడాల మాంసం ఊడిపోతుంది."

"వాటి మీదకి ధార ఎవరు కొట్టిస్తారు? ఈ పక్క అద్దానికొకటి, ఆ పక్క అద్దానికొకటి, పైకి పెడదాం. రెండు ధారలూ నడుమ గుద్దుకుంటే నీళ్ళు చెదిరి సందుసందుకీ దూరతాయి. వెనక మూల నీళ్ళు కదలట్లేదు."

"అన్నయ్య ఉన్నన్నాళ్ళూ కదిలాయి. నువ్వు ఉప్పు ఎక్కువ కలిపి చంపుతున్నావు. ఆ ఆకుపచ్చ పగడం మొదలు చూడు, ఎలా తెల్లబడిందో."

బొటనవేలంత ముక్క తెచ్చి అన్నయ్య నాటిన పగడం అది. ఇప్పుడు జానెడు కొమ్మలు వేసింది. కొన్నాళ్ళుగా అడుగునుంచి ఎముకలా తెలుపు పైకి పాకుతోంది.

వదిన నవ్వింది. నవ్వులో తడి లేదు.

"మీ అన్నయ్య ఉన్నప్పుడూ ఆ మూల కుళ్ళేది. ఆదివారాలు మీరిద్దరూ ఉప్పూ గొట్టాలూ కొనడానికి దుకాణానికి పోతే, నేనొచ్చి గొట్టంతో ఆ మడ్డి లాగేసేదాన్ని. ఆయన పోయాకా లాగాను. చెబితే చిన్నబుచ్చుకుంటాడని ఆయనకు చెప్పలేదు. నీకు చెప్పాల్సిన అవసరం నాకు లేదు."

"మరి ఇప్పుడేమైంది, చేతులు పడిపోయాయా?"

"హోటల్ వాళ్ళ ముందు నన్ను 'చేతకానిది' అన్నావు చూడు, ఆ రోజు మానేశాను."

"ప్రాణమున్న వాటిని చావనిచ్చావా, నా మీద కోపంతో?"

వదిన చేతులు తుడుచుకుని, అట్టపెట్టె నేలమీదే వదిలి బయటికి నడిచింది.

వదిన మాట అబద్ధమని రుజువు చెయ్యాలన్న కసితో ఆమె సామాన్ల గది అటకమీద అదనంగా ఉన్న చిన్న పంపు దింపి, పాతదాని చోటే బిగించింది. చేపలకు మేత జల్లింది. ముందువైపు మేత గుండ్రంగా తిరిగింది. బండ వెనక పడింది మాత్రం అలాగే నిలిచిపోయింది. చెయ్యి దూర్చింది. మెత్తగా, చల్లగా, గుప్పిటినిండా నల్లటి మడ్డి. పైకి తీయగానే కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంది. ముక్కు మూసుకోలేదు. ఆ చేతికేసి చూస్తూ నిచ్చెన మెట్టు మీద కూలబడింది.

మధ్యాహ్నం గేటు దగ్గరి కాపలాదారు లోపలికొచ్చాడు.

"మేడమ్, మీ వదినగారు బట్టల పెట్టె తీసుకెళ్ళిపోయారండి. పొద్దుట్నుంచీ నా గదిలోనే ఉంచారు."

"ఎక్కడికట?"

"వాళ్ళ చెల్లెలి ఊరట. ఇంక రానన్నారు. మీకు చెప్పారనుకున్నానండి."

"చెప్పింది," అంది ఆమె.

గొట్టం వేసి మడ్డినంతా నెమ్మదిగా బకెట్లోకి లాగింది. తగ్గినన్ని కొత్త ఉప్పునీళ్ళు పోసింది. చిన్న పంపులు రెండూ ఊడదీసింది. ఈసారి కూడా ఒక్కతే, కమిలిన వేలితోనే, కొత్తవాటిని చెరో పక్క అద్దానికీ అమర్చింది. ధార పగడాలకు తగలకుండా మూతులు పైకి తిప్పింది. వేగం తక్కువలో పెట్టి, కాస్త కాస్త పెంచింది. పంపులు రెండూ బోడిగా, అసహ్యంగా కనబడుతున్నాయి. మళ్ళీ మేత జల్లింది. బండ వెనక పడ్డది ఒక్క క్షణం తటపటాయించి, లేచి, చెదిరి, సందుల్లోంచి ముందుకొచ్చింది. మెత్తటి పగడాలు ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఊగాయి. ఆకుపచ్చ పగడం తెల్లబడినంత మేరా తెల్లగానే ఉంది.

వదినను క్షమించబుద్ధి కాలేదు. ఫోను చేతిలోకి తీసుకుంది, జేబులో పెట్టేసింది. కొత్త వైర్లు సర్దడానికి తొట్టి వెనక్కి వంగింది. అక్కడ పాత పంపు వైరును, కారే నీళ్ళు ప్లగ్గు దాకా పోకుండా, ఎవరో ఎప్పుడో పైకి మడిచి కొక్కేనికి బిగించారు. బిగించింది జడ క్లిప్పుతో. గోధుమరంగుది, ఒక పన్ను విరిగింది, ఉప్పు పేరుకుని అంచులు తెల్లబడ్డాయి, దాని పట్టులో ఇంకా రెండు నెరిసిన వెంట్రుకలున్నాయి.