అతుకు పడని రీలు

గోదారి గట్టు తెగి నేతపేటలో మగ్గం గుంటలన్నీ చెరువులైన ఏడు నేను పుట్టాను. నేను ఒక ఫిల్ము రీలుని. బొటనవేలంత వెడల్పు కూడా లేను గానీ, విప్పి పరిస్తే సగం వీధి వస్తాను. నాకు మాట లేదు, బొమ్మలే. నాలాంటిది ఇంకొకటి లేదు, నకలు తియ్యలేదు.

వరద తీసి, గుంటలు ఆరి, మగ్గాలు మళ్లీ ఆడుతున్నాయని విని ఫొటో స్టూడియో కాంతారావు కెమెరా మెడకి తగిలించుకుని సైకిలు మీద వచ్చాడు. నేతపని బొమ్మ తీసి దాచాలని ఆయన పిచ్చి. కదిలే బొమ్మ తీస్తానయ్యా అన్నాడు. అనగానే పేటంతా పనులాపి, తలలు దువ్వుకుని, గోడవార కదలకుండా నిలబడింది. నేతగాడు వీరభద్రమైతే ఊపిరి కూడా బిగబట్టాడు. మనుషులు అంతే, చూస్తున్నారంటే చాలు బిగుసుకుపోతారు.

వీరభద్రం పెళ్లాం మాణిక్యం ఒక్కతే లేవలేదు. మగ్గం మీది పాత పడుగు నిలువు పోగుల కొసలకి కొత్త పడుగు పోగులు అతుకుతోంది. బూడిద అద్దిన వేళ్లతో రెండు కొసలూ కలిపి నులమాలి. మధ్యలో వదిలితే చిక్కుపడతాయి. అందుకే నా నిండా ఆవిడ చేతులే. చివర్లో ఆవిడ తలెత్తి, మొగుడి వాలకం చూసి, పడీపడీ నవ్వింది. ఆ నవ్వుతో నేను అయిపోయాను.

పేటకి తెచ్చి వేసి చూపిస్తానన్నాడు కాంతారావు. బల్బు మాడిందన్నాడు, వానలన్నాడు, ఆయాసమన్నాడు. చూపించకుండానే పోయాడు. నేను బిస్కెట్ల డబ్బాలో ఎండుతూ ఉండిపోయాను. మాణిక్యమూ పోయింది. వీరభద్రానికి మిగిలింది రేషను కార్డు మీద ఫొటో. అందులో ఆవిడ ఎవరో కొట్టబోతున్నట్టు బెదిరిపోయి ఉంటుంది.

కిందటేడు కాంతారావు కూతురు సువర్చల డబ్బా తెరిచింది. పాత ఫిల్ములు భద్రపరిచేవాళ్లకి ఇచ్చేముందు నాన్న మాట చెల్లించాలని ప్రొజెక్టరు పట్టుకుని వచ్చింది. వీరభద్రం తలుపులు మూసి గోడకి తెల్ల పంచె కట్టాడు. చేతులు కనిపించాయి. ముసలాయన ముందుకి వంగాడు. ముఖం రాబోతుండగా నేను తెగిపోయాను.

బాగా ఎండిపోయింది, ఇక తిప్పకూడదు, పట్నంలో నకలు తీయించి నెల్లాళ్లలో తెస్తానంది సువర్చల. ఆమె పక్కింటికి భోజనానికి వెళ్లింది. వీరభద్రం నా తెగిన కొసలు చూస్తూ కూర్చున్నాడు. తెగిన పోగుని అలా వదిలెయ్యడం ఆయన వల్ల కాదు. పొయ్యిలో బూడిద అద్దుకుని, కొస మీద కొస పెట్టి నులిమాడు. గంజి రాశాడు. ఊది ఆరబెట్టి, జాగ్రత్తగా చుట్టాడు. పోగుకైతే గొప్ప అతుకే. నేను పోగుని కాను. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు.

సువర్చల తిరిగి రాగానే అన్నాడు: "ఒక్కసారి వెయ్యమ్మా. నెల్లాళ్లు నేనుండద్దా?"

ఆమె మనసు కరిగింది. ఆ చీకట్లో అతుకు చూసుకోలేదు.

అతుకు ఎలాగో బల్బు దాటింది. కింద చక్రంలో ఇరుక్కుంది. నేను ఆగిపోయాను. పంచె మీద మాణిక్యం తలెత్తి, నవ్వబోతూ ఆగింది.

"ఆగింది చూడమ్మా," అన్నాడు వీరభద్రం మెల్లగా. ఆయన కోసమే ఆగిందనుకున్నాడు.

బల్బు వేడికి ఆవిడ బుగ్గ మీద గోధుమరంగు మచ్చ లేచింది. పొంగింది. ముఖమంతా పాకింది. సువర్చల మీట నొక్కేలోపు, వెనకున్న నవ్వంతా చక్రం పళ్లలో పడి చిరిగి ముక్కలైంది.

"ఎందుకు ముట్టుకున్నావు బాబాయ్?"

"తెగింది కదమ్మా. అతికాను."

ఆమె మాడినదీ చిరిగినదీ కత్తిరించి తీసేసి, మిగిలిన నన్ను డబ్బాలో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే, ఆమె బస్సుకి బయల్దేరుతుంటే వీరభద్రం వచ్చి డబ్బా ఇమ్మన్నాడు. ఇవ్వడానికి ఆమె జంకింది. తెరవనులే అన్నాడు. మూత మీద కాంతారావు రాత ఉంది: చేనేత. వీరభద్రం కలం అడిగి తీసుకున్నాడు. అరుగు మీద కూర్చుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఒక్కో అక్షరమే దిద్దుతూ దాని కింద రాశాడు.

చేతులు మాణిక్యానివి.