రత్నం వినని మాట

నేను ఒక పాత ల్యాప్‌టాప్‌ని. నా సంగతి చెప్పేముందు రత్నం భయం చెప్పాలి. నా బతుకు చివరికి దాని చుట్టూనే తిరిగింది. నూకరత్నానికి పాములంటే భయం లేదు, చీకటంటే భయం లేదు. నాలుగేళ్ళు నిండిన కూతురు హన్విక ఎప్పటికీ నోరు తెరిచి మాట్లాడదేమోనని, అదొక్కటే ఆమె భయం.

నేను పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. చేతులకు తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు వరసగా నిలబడి నన్ను బిగించారు. వాళ్ళలో ఒకమ్మాయి ఆఖరి మర తిప్పుతూ పెద్దగా ఆవులించింది. మనుషుల గురించి నాకున్న మొదటి జ్ఞాపకం ఆ ఆవులింతే. అలసట నాకు అక్కడే అంటిందేమో. తరవాత విశాఖపట్నంలో ఒక బీమా ఆఫీసుకు చేరాను. నా ముందు కూర్చునే గుమాస్తా పొద్దున్నించీ పోయినవాళ్ళ పేర్లు నాలోకి ఎక్కించి, భోజనాల వేళకు క్యారియర్ గిన్నె నా మూత మీద పెట్టుకునేవాడు. ఆ పులుసు మరక ఇప్పటికీ ఉంది. నేను కాస్త నెమ్మదించగానే "ముసల్దైపోయింది, తీసెయ్యండి" అన్నాడు. నాకంటే ఆయన నలభై ఏళ్ళు పెద్ద. ఆయన్ని మాత్రం ఎవరూ తీసెయ్యలేదు.

అలా పాత సామాన్ల మూట దాటి సామర్లకోటలో రత్నం మొగుడు వీర్రాజు చేతికొచ్చాను. అతనిది ఇంటింటికీ ఇంటర్నెట్ వైర్లు లాగే పని. నన్ను చంకలో పెట్టుకుని గుమ్మంలోకి రాగానే రత్నం నన్ను పైనుంచి కిందకి చూసింది.

"ఈ డొక్కుదాన్నేం చేసుకుంటారండీ?"

"లినక్స్ ఎక్కిస్తే కుర్రదాన్లా పరిగెట్టుద్దే."

లినక్స్ అంటే నాలాంటి యంత్రాన్ని నడిపించే వ్యవస్థ. డబ్బు కట్టక్కర్లేదు. అయితే అది ఒక్కటి కాదు. పప్పు ఒకటే అయినా ఇంటికో తాలింపు పెట్టుకున్నట్టు, ఎవరికి నచ్చిన రకం వాళ్ళు తయారుచేసి లోకం మీదికి వదిలారు. వీర్రాజు ముందు ఉబుంటు అనే రకం పెట్టాడు. నిజంగానే ప్రాణం లేచొచ్చింది నాకు. అక్కడితో ఆగుంటే ఈ కథ లేదు. తరవాత మింట్ అన్నాడు, డెబియన్ అన్నాడు. ఆ పైన వచ్చినవాటి పేర్లు నాకే గుర్తులేవు. రత్నం వాటిని తెర రంగుతో పిలిచేది: నీలంది, బూడిదరంగుది, నల్లది. ఒకదాంట్లో తెలుగు ఒత్తులు ఊడి పక్కన పడేవి. ఒకదానికి వైఫై అందేది కాదు. ఇంకొకటి అన్నివిధాలా బాగుంది. బాగుందని దాన్నీ తీసేశాడు. వేరేది ఇంకా బాగుంటుందట. ఉన్నది సరిపోతున్నా పక్కదాని కోసం మెడ సాచడం మనుషుల్లోనే చూశాను.

"పెళ్ళిచూపులప్పుడు నన్నొక్కదాన్నే చూసి తలూపేశారు కదా, దీనికేంటండీ ఇన్ని చూపులు?" అనేది రత్నం.

"అప్పుడు చూడలేదు కాబట్టే ఇప్పుడు చూసుకుంటున్నానే."

"చూడండి, చూడండి. ఏదో రోజు అదే మిమ్మల్ని వద్దంటాది."

నవ్వుతూనే అనేది కానీ ఆమె కష్టం ఆమెది. తొమ్మిదో తరగతితో బడి మానేసిన మనిషి. ఇంగ్లీషు అక్షరాలు చదివి కాదు, బొమ్మ ఏ మూలనుందో గుర్తుపెట్టుకుని నన్ను వాడేది. తెర మారినప్పుడల్లా పరాయి వంటింట్లో గరిటె కోసం వెతుక్కున్నట్టు ఉండేది ఆమెకు.

నాతో ఆమెకున్న పని ఒక్కటే. కాకినాడ ఆసుపత్రిలో మాటలు నేర్పించే డాక్టరమ్మ చెప్పింది: "రోజుకో బొమ్మ చూపించి, మాట నెమ్మదిగా చెప్పి రికార్డు చెయ్యమ్మా. పాప ఏ శబ్దం చేసినా అదీ దాచు. ముందెలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో వాటిని వింటేనే నాకు తెలుస్తాది." ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వీర్రాజు వెంట పోయేది. అందుకని ఆ గొంతులన్నీ నాలోకి వచ్చాయి. సాయంత్రం దీపం పెట్టగానే రత్నం పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని "ఆవు. చెప్పమ్మా" అనేది. తరవాత కొంతసేపు నిశ్శబ్దం. వెనక కుక్కరు కూత, పక్కింటి కోళ్ళ గోల. ఆ నిశ్శబ్దం చివర ఎప్పుడో ఒకసారి హన్విక "ఆ" అనేది. అంతే. ఆ ఒక్క "ఆ" కోసం రత్నం పని చేసుకుంటూ పదేపదే నన్ను మోగించుకునేది. పాపకు కూడా ఒక మీట తెలుసు, అన్నిటికంటే పొడుగ్గా ఉండేది. అది నొక్కితే అమ్మ గొంతు వస్తుంది.

నా కడుపులో వీర్రాజు రెండు గదులు కట్టాడు. మొదటి గదిలో నడిచే లినక్స్, ఇంటివాళ్ళ ఫొటోలు, పాటలు, పాప గొంతులు. రెండోది ఖాళీ, ఎప్పుడైనా అవసరమొస్తుందని. రకం మార్చినప్పుడల్లా మొదటి గదిలోని సామానంతా పెన్‌డ్రైవులోకి తీసి, గది తుడిచి, మళ్ళీ సర్దేవాడు. ఒకసారి అలా సర్దడంలో పెళ్ళి పాటలు కొన్ని పోయాయి. వీర్రాజు "పాటలే కదా" అన్నాడు. ఆ మర్నాడు అతను పనిలోకి వెళ్ళాక రత్నం నా ముందు కూర్చుంది. ఇంటికి సున్నం వేయించేటప్పుడు నగలు పక్కింట్లో దాచి రావడం వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పద్ధతి. తుడిచే గదిలో ఉంచితే ప్రమాదం, ఎవరూ ముట్టని గదిలో ఉంచితే భద్రం అనుకుంది. పాప గొంతులన్నీ రెండో గదిలోకి జరిపేసింది. మొగుడికి చెప్తే నవ్వుతాడని చెప్పలేదు.

వీర్రాజు చెడ్డవాడు కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అతనికి తొలిసారి పెళ్ళాం అవస్థ కళ్ళకు కట్టింది. "పాపం, మార్చినప్పుడల్లా తడుముకుంటాంది. ఈసారి దాని తెర ముట్టుకోను. కొత్తది ఖాళీ గదిలో పెట్టుకుంటాను" అని తనలో తాను అనుకున్నాడు. పాత నకలున్న పెన్‌డ్రైవునే తుడిచి, అందులోకి కొత్త లినక్స్ ఎక్కించి తెచ్చాడు. ఈ గదిలో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని నేను అడిగాను. నాకొచ్చిన మాటల్లో అంతకంటే గట్టిగా అడగడం నాకు రాదు. ఖాళీయే కదా అని సరే కొట్టాడు. లోపల హన్విక ఉందని చెప్పడానికి నాకు నోరేది?

దీపాల వేళ రత్నం వచ్చి వెతికింది. ఇక్కడా, అక్కడా, మళ్ళీ ఇక్కడా.

"ఏవండీ, ఆ రెండోదాంట్లో పాపవి పెట్టానండీ."

వీర్రాజు టీ గ్లాసు కింద పెట్టాడు. "నీకోసమనే దాంట్లో పెట్టానే," అన్నాడు. "నీది కదపకూడదని."

"నేనూ మీరు కదపకూడదనే పెట్టానండీ."

కేకల్లేవు, ఏడుపుల్లేవు. ఇద్దరి జాగ్రత్తలూ కలిసి చేసిన పని అది, ఎవరు ఎవరిని తిడతారు? రత్నం "డాక్టరమ్మకేం వినిపించాలి?" అని మాత్రం అడిగింది. పోయిన గొంతులు కాకినాడలో ఎవరైనా తిరిగి తీస్తారేమో అడగాలని అనుకున్నారు. ఒకవేళ తీయగలిగితే పాడవకూడదని, నాలో కొత్తగా ఏదీ రికార్డు చెయ్యలేదు.

మర్నాడు సాయంత్రం వీర్రాజు వైరు తెగిందని ఎక్కడికో వెళ్ళాడు. రత్నం నన్ను తెరిచి, మూసే ఓపిక లేక అలాగే వదిలేసింది. వీధిలో కుళాయి వచ్చింది. బిందెలు తీసుకుని బయటికి పరిగెత్తింది. హన్విక నా ముందుకొచ్చి చతికిలపడింది. పొడుగు మీట నొక్కింది. అమ్మ గొంతు రాలేదు. మళ్ళీ నొక్కింది. నా తెర మీద చెయ్యి వేసి నిమిరింది. తరవాత, చెవిటివాళ్ళతో మాట్లాడేటప్పుడు వంగినట్టు నా మీదకు వంగి, నెమ్మదిగా, వాళ్ళమ్మ సాగదీసినట్టే సాగదీసి అంది:

"చెప్పమ్మా."

బయట బిందెల చప్పుడు. ఎవరిదో వంతు తగాదా. రత్నం గొంతు కూడా అందులోనే ఉంది.

"చెప్పమ్మా," అంది పాప ఇంకోసారి, బతిమాలుతున్నట్టు. నేను చెప్పలేదు. కాసేపు చూసి లేచి ఆటకు పోయింది. రత్నం తడి చీరతో లోపలికొచ్చి, పాప తల నిమిరి, నా మూత దించేసింది.

ఆ మర్నాడే నన్ను కాకినాడలో ఒక రిపేరు దుకాణానికి తెచ్చారు. పోయినవి రావన్నాడు దుకాణదారు. "పోనీ ఉంచండి, ఇంకోసారి చూడండి" అని వీర్రాజు వదిలి వెళ్ళాడు. బల్ల కింద, తీగలూడిన కీబోర్డుల మధ్య ఉన్నాను. నన్నింకెవరూ చూడరని నాకు తెలుసు. దానికి బాధ లేదు, ఇన్నిసార్లు తుడిపించుకుని అలిసిపోయాను. కానీ లోకంలో నేనొక్కదాన్నే విన్న మాట ఒకటి నా దగ్గర మిగిలిపోయింది. అది నా సొత్తు కాదు.

మీరు సామర్లకోట వెళ్తే, రైల్వే గేటు దాటాక కుళాయి ఉన్న సందులో ఆకుపచ్చ తలుపు ఇల్లు. ఒక్కసారి ఆ పిల్లను చూసి రండి. మాట్లాడమని అడక్కండి, అందరూ అదే అడుగుతారు. పక్కన కాసేపు ఊరికే కూర్చోండి, నాలాగ. ఆ పిల్లే మిమ్మల్ని అడుగుతుంది. అప్పుడు రత్నాన్ని పిలవండి.